మూడు గడుల టేబుల్

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక జిరాక్సు కాగితం.

తార్నాక చౌరస్తా దగ్గర చాయ్ తాగుతున్నాను. పక్క బల్ల దగ్గర ఒక అబ్బాయి కళ్లు మూసుకుని పాఠం అప్పజెప్పుకుంటున్నాడు. "గాంధార, బూడిదరంగు రాయి, కుషాణులు, గ్రీకు ప్రభావం. మధుర, ఎర్ర ఇసుకరాయి, కుషాణులు, స్వదేశీ. అమరావతి, తెల్ల పాలరాయి, శాతవాహనులు, స్వదేశీ." అయిపోగానే మళ్లీ గాంధార. గ్రూప్-1కి తయారవుతున్నాడట. చూపించమంటే మొహమాటం లేకుండా కాగితం ఇచ్చాడు. మూడు నిలువు గడులు, ఐదారు వరసలు, అంతే. ఒక్క బొమ్మ కూడా లేదు.

"ఈ బుద్ధుళ్లలో ఎవరినైనా చూశావా బాబూ?"

"హుస్సేన్‌సాగర్‌ల ఉన్నాయన్ను చూసిన సార్."

నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. 1992లో సాగర్ మధ్య నిలబడ్డ ఆ గ్రానైటు బుద్ధుడు ఏ గడిలో పడతాడో ఆ కాగితం చెప్పదు. అబ్బాయి మాత్రం నన్ను సముదాయించాడు. "చూస్తే మార్కులు రావు సార్. టేబుల్ యాదికుంటే మార్కులు పక్కా."

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా పాత పాట తెలుసు: కళాచరిత్రను చెవితో చదవకూడదు, కంటితో చదవాలి. ఆ పాట ఎత్తుకోవడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు. పైగా ఆ టేబుల్లో తప్పులు కూడా ఉన్నాయి. అమరావతి శిల్పాలది పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ఇవాళ పిడుగురాళ్ల బట్టీలకూ సిమెంటు ఫ్యాక్టరీలకూ పోయే రాయి కూడా ఆ సీమదే. దొరలు 'అమరావతి మార్బుల్స్' అని రాసుకున్నారు, మనం ఆ మాట పట్టుకుని ఇప్పటికీ పరీక్షలు రాస్తున్నాం.

రెండో తప్పు 'స్వదేశీ' అన్న గడిలో ఉంది. అమరావతి శిల్పుల దారిలోనే నడిచిన నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల రాజమందిరం దగ్గర, ఒక ఫలకం దొరికింది. దాని మీద గడ్డం ఉన్న మనిషి, ఒంటి మీద సగం బట్ట, చేతిలో తాగే కొమ్ము, పక్కన పీపా. గ్రీకుల మద్యదేవుడు డయనైసస్ కృష్ణ ఒడ్డుకి వచ్చి కూర్చున్నట్టు ఉంటాడు. మెదక్ వైపు కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం దొరికింది. ఇటు నుంచి అటు కూడా ప్రయాణం సాగింది. 1938లో పాంపేయి బూడిద కింద ఒక ఇంట్లో దంతపు బొమ్మ దొరికింది. నగలు తప్ప ఒంటి మీద ఏమీ లేని భారతీయ స్త్రీ. ఆ పోలికలున్న బొమ్మలు తేర్‌లో, భోకర్దన్‌లో దొరికాయి. ఇప్పుడవి మహారాష్ట్రలో ఉన్నాయి కానీ 1948 దాకా ఆ ఊళ్లు హైదరాబాద్ రాజ్యంలోవే, శాతవాహనుల కాలంలో వ్యాపారానికి పేరుపడ్డవే. వెసూవియస్ బద్దలైన 79వ సంవత్సరానికే మన దక్కన్ పనితనం ఇటలీలో ఒక ఇంటి సామాను అయింది. ఇదంతా 'స్వదేశీ' అన్న ఒక్క మాట కింద ఎలా ఇరుకుతుంది?

సిలబస్ తయారుచేసేవాళ్ల లెక్కలు కూడా చిత్రం. సివిల్స్ మెయిన్స్‌లో భారతీయ కళ ప్రాచీనం నుంచి ఆధునికం దాకా ఉంది. ప్రపంచ చరిత్ర మాత్రం పద్ధెనిమిదో శతాబ్దం నుంచి మొదలవుతుంది, అందులో కళ ఊసు లేదు. ఫ్రెంచి విప్లవం చదవాలి. ఆ విప్లవంలో పాల్గొని, స్నానపు తొట్టిలో హత్యకు గురైన మరాను 1793లో బొమ్మ కట్టిన చిత్రకారుడు దావిద్ అక్కర్లేదు. ఈజిప్టు, గ్రీసు, జొట్టో, పికాసో ఎవరూ అక్కర్లేదు. మన బుద్ధుడి మీద 'గ్రీకు ప్రభావం' అని రాసే కుర్రాడు ఒక్క గ్రీకు విగ్రహాన్నయినా చూడకుండానే ఆఫీసర్ అయిపోవచ్చు.

ఇంత కోపంతో ఉస్మానియా క్యాంపస్‌లోంచి ఇంటికి బయల్దేరాను. మాది గోల్నాక. తార్నాక నుంచి యూనివర్సిటీ గుండా విద్యానగర్ వైపు దిగి, తిలక్‌నగర్ మీదుగా ఇల్లు చేరడం నాకు చదువుకునే రోజుల నుంచీ అలవాటు. దారిలో ఆర్ట్స్ కాలేజీ తగులుతుంది. అక్కడ నా కోపానికి కాలు మడతపడింది. ఎందుకో చెప్పాలంటే ఆదివారం ఆబిడ్స్‌కి వెళ్లాలి. 

చదువుకునే రోజుల్లో ఒక ఆదివారం అక్కడ మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద, ఇంజనీరింగు గైడ్లకూ డిటెక్టివ్ నవలలకూ మధ్య, అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. బానిస్టర్ ఫ్లెచర్ రాసిన వాస్తు చరిత్ర. 1896లో మొదట అచ్చయి, ముద్రణ మీద ముద్రణ పడుతూ, ప్రపంచమంతా ఆర్కిటెక్చర్ విద్యార్థుల చేత బట్టీ కొట్టించిన పుస్తకం. అమ్మేవాడికి అది బరువు మాత్రమే, నాకు చవగ్గా వచ్చింది. గోల్నాకలో మా ఒంటిగది ఇంట్లో అది నా దిండు పక్కనే ఉండేది. అందులో ఒక చెట్టు బొమ్మ ఉంటుంది. చెట్టు మొదట్లో ఆరుగురు స్త్రీలు: భూగోళం, భూగర్భం, శీతోష్ణం, మతం, సమాజం, చరిత్ర. మాను నిలువుగా లేస్తుంది. గ్రీసు, రోము, రోమనెస్క్, ఆపైన యూరప్ దేశాల శైలులు, చిట్టచివర ఆధునికం. పక్కకి కొన్ని కొమ్మలు. ఇండియా ఒక కొమ్మ, చైనా-జపాన్ ఒకటి, మెక్సికో ఒకటి. ఆ కొమ్మలకి పైచిగురు లేదు. ఒకటి రెండు ఆకులేసి ఆగిపోతాయి. 1901 ముద్రణలోనైతే పుస్తకాన్నే రెండుగా కోశాడు: చరిత్ర ఉన్న శైలులు, చరిత్ర లేని శైలులు. మనమూ, చైనావాళ్లూ, ఇస్లామిక్ కట్టడాలూ రెండో భాగంలో పడ్డాం.

రాత్రి ఆ చెట్టు చూసి, పొద్దున్నే కాలేజీకి నడిచి వచ్చేవాణ్ని. ఎదురుగా ఆర్ట్స్ కాలేజీ. గులాబీరంగు గ్రానైటు. స్తంభాల దగ్గర నిలబడితే అజంతా, ఎల్లోరా గుహల పోలిక. తలెత్తితే అరబ్బు కమానులు, మూరిష్ కమానులు. మెట్ల కింద నుంచి ముఖద్వారం చూస్తే కైరో మసీదుల ఎత్తు. ఫ్లెచర్ దొర ఎండిపోయాయనుకున్న కొమ్మలన్నీ కలిసి ఇక్కడ నీడ ఇస్తున్నాయి. ఆ నీడలో కూర్చుని మేం నిద్రపోయాం, ఉద్యమాలు చేశాం, అప్పుడప్పుడూ చదివాం.

ఆ భవనం ఎలా వచ్చిందో చూడండి. 1918లో పుట్టిన యూనివర్సిటీకి సొంత భవనం కావలసి వచ్చినప్పుడు నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్‌నూ, సయ్యద్ అలీ రజానూ విదేశాలకు పంపింది. అమెరికా, యూరప్, జపాన్, ఈజిప్టు తిరిగారు. ఎక్కడి యూనివర్సిటీ ఎలా ఉందో చూసి రాసుకున్నారు. ఈజిప్టు పరిచయంతోనే అక్కడ పనిచేస్తున్న బెల్జియం ఆర్కిటెక్టు ఎర్నెస్ట్ జాస్పర్ హైదరాబాద్ వచ్చాడు. కైరో శివార్లలోని హీలియోపొలిస్‌లో ఆయన కట్టిన హోటల్ ఇవాళ ఈజిప్టు అధ్యక్షుడి భవనం. హైదరాబాద్ వచ్చాక మన పాత కట్టడాల పోలికలన్నీ పట్టుకుని నమూనా గీశాడు. 1934లో శంకుస్థాపన, 1939లో ప్రారంభం. ఆ రోజు క్యాంపస్‌లో నడుస్తూ నాకు తట్టింది ఇదే: వీళ్లంతా చేసింది నోట్సు రాసుకోవడం. దేశానికో గడి, గడికో వరస. చాయ్ బల్ల మీది అబ్బాయి చేతిలో ఉన్నది అదే జాతి కాగితం. కాకపోతే వీళ్లు రాసుకుని ఊరుకోలేదు, కట్టారు.

అక్కణ్నుంచి ఆలోచన అజంతాకు పోయింది. అసలు చూడాలి, నకలు కాదు అని ఇన్నేళ్లు దబాయించిన నాకు అజంతా ఎప్పుడూ ఇరకాటమే. 1844 నుంచి ఏళ్ల తరబడి మేజర్ రాబర్ట్ గిల్ గుహల్లో కూర్చుని నకళ్లు గీశాడు. 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో చాలామటుకు పోయాయి. 1872 నుంచి బొంబాయి జేజే స్కూలు గ్రిఫిత్స్, తన విద్యార్థులతో మళ్లీ గీయించాడు. 1885లో సౌత్ కెన్సింగ్టన్‌లో నిప్పంటుకుని అవీ చాలా కాలిపోయాయి. అయినా ఎవరూ మానలేదు. 1909లో లేడీ హెరింగ్‌హామ్ నకళ్లు గీయించడానికి వచ్చినప్పుడు కలకత్తా నుంచి నందలాల్ బోస్ వచ్చాడు, మన హైదరాబాద్ నుంచి సయ్యద్ అహ్మద్, మహమ్మద్ ఫజ్లుద్దీన్ వెళ్లారు. సయ్యద్ అహ్మద్ ఆ తర్వాత అజంతా క్యూరేటరే అయ్యాడు.

1914లో మొదలైన హైదరాబాద్ పురావస్తు శాఖకి గులాం యజ్దానీ అధిపతి. అజంతా గోడల మీద రంగు రాలిపోతోందని 1920లో ఇటలీ నుంచి చెక్కోని అనే నిపుణుణ్ని, ఇంకో సహాయకుణ్ని రప్పించారు. రాలే పొరను వాళ్లు అతికించారు, అది నిజం. పైన లక్క వార్నిష్ కూడా పూశారు. కొన్నేళ్లకు ఆ పూత పసుపు తిరిగి రంగుల్ని కప్పేసింది. ఇప్పటి నిపుణులు దాన్ని కొద్దికొద్దిగా తీస్తూనే ఉన్నారు. అంటే కాపాడదామని చెయ్యి పెట్టినందుకు అసలుకి ముసుగు పడింది. ముసుగు పడక ముందు ఆ గోడ ఎలా ఉండేదో చెప్పగలిగేవి నకళ్లే. యజ్దానీ 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాలుగా అచ్చువేయించిన అజంతా గ్రంథం, పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో అజంతా గ్యాలరీలోని నకళ్లు లేకపోతే మనవాళ్లలో ఎంతమందికి అజంతా తెలిసేది?

మనం ముక్కున వేలేసుకుని చూసే సాలార్‌జంగ్ మ్యూజియం 'వెయిల్డ్ రెబెకా', ముసుగు వేసుకున్న ఆ పాలరాతి బొమ్మ, కూడా ఒక్కటే కాదు. శిల్పి బెంజోని ఆ బొమ్మను ఒకటికి మించే చెక్కాడు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్నది అందులో ఒకటి. దానివల్ల ఆ ముసుగు పలచన అయిందా?

కళావిమర్శకులు సంజీవదేవ్ గారి పేరు రాకపోతే నా కాలమ్ పూర్తికాదని వెక్కిరించేవాళ్ల కోసం ఆయన్నీ తెస్తున్నాను. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో కూర్చుని ఆయన తూర్పు పడమర చిత్రకళల గురించి తెలుగులో రాశారు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర ఉండి వచ్చినా, ఆయన తుమ్మపూడి చేరిన ప్రపంచంలో ఎక్కువ భాగం అచ్చుబొమ్మల్లోనూ ఉత్తరాల్లోనూ వచ్చిందే. అసళ్ల కోసమే కాచుకుని ఉంటే ఆయన ఒక్క వ్యాసం కూడా రాసేవారు కాదు.

కాబట్టి ఇంత తిట్టాక నేను ఆ టేబుల్ పక్షానికే వస్తున్నాను. పక్కపక్కన పెట్టి పోల్చడం మన కోచింగ్ సెంటర్లు కనిపెట్టిన అడ్డదారి కాదు. కళాచరిత్రకారుడు హైన్రిక్ వోల్ఫ్లిన్ తరగతిలో రెండు ప్రొజెక్టర్లు పెట్టి రెండు బొమ్మలు ఒకేసారి చూపించి పాఠం చెప్పేవాడు. 1915లో ఆయన రాసిన పుస్తకమంతా ఐదు జతల పోలిక. రేఖ ఒకవైపు, రంగు ముద్ద ఒకవైపు. మూసిన రూపం ఒకవైపు, తెరిచిన రూపం ఒకవైపు. కళాచరిత్ర అనే చదువు కాళ్ల మీద నిలబడిందే గడులు గీసి. ఫ్లెచర్ చెట్టూ ఒక టేబులే. దానిలో అన్యాయం ఉందని మనకు కనిపించడానికి కూడా ముందు ఎవరో ఒకరు అది గీసి ఉండాలి. టేబుల్ లేని తెల్లకాగితంతో పోట్లాడలేం.

ఆ అబ్బాయిని మళ్లీ చూస్తే 'టేబుల్ చించెయ్' అనను. 'పాలరాయి' కొట్టేసి 'సున్నపురాయి' అని రాయమంటాను, 'స్వదేశీ' పక్కన ప్రశ్నార్థకం పెట్టమంటాను. ఇంకో రెండు గడులు గీసి ఒకదానిలో గ్రీసు, ఒకదానిలో రోము వేసుకోమంటాను. అడగని ప్రశ్నకి చదవడం టైము దండగ అంటాడేమో. గాంధార బుద్ధుడి వస్త్రం మడతలు ఎక్కణ్నుంచి వచ్చాయో ఆ రెండు గడులు లేకుండా ఎవరూ చెప్పలేరు.

గ్రూప్స్‌కి చదివే పిల్లలకి ఒక మాట. సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో నిలబడ్డాయి. మీరు అంత దూరం పోనక్కర్లేదు. నేలకొండపల్లి సున్నపురాయి బుద్ధుళ్లు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ తెచ్చిన ఈజిప్టు మమ్మీ పబ్లిక్ గార్డెన్స్‌లో ఉంది. అక్కడే అజంతా నకళ్లు. యూరప్ వాళ్ల పాలరాతి బొమ్మలకు సాలార్‌జంగ్ ఉంది. ఒక పూట స్టడీ హాలు మానేసి, ఆ జిరాక్సు కాగితం జేబులో పెట్టుకునే వెళ్లండి. శుక్రవారం మాత్రం వద్దు, సాలార్‌జంగ్ మ్యూజియానికి ఆ రోజు సెలవు.