పదో వచనం

తెలుగు కథల్లో, నవలల్లో చర్చిలోకి వచ్చినవాళ్ళు కనబడతారు. చర్చి విడిచిపెట్టి పోయినవాళ్ళు నేను చదివినంతలో పెద్దగా కనబడలేదు. జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000)లో మాల మాదిగ వాడల మనుషులు మిషనరీల దగ్గరికి ఎందుకు వెళ్ళారో ఉంది. ఆకలి ఉంది, అవమానం ఉంది, అక్షరం మీద ఆశ ఉంది. లోపలికి వెళ్ళాక కూడా కులం వెంటబడి రావడం ఉంది. ఆ నవల రెండోసారి చదువుతున్నప్పుడు నాకు మా చిన్నమ్మ గుర్తొచ్చింది. ఆమె కులం గొడవతో చర్చి మానలేదు. పాస్టరు డబ్బులు తిన్నాడనీ కాదు. వాక్యం సరిగ్గా చెప్తలేరని మానింది. ఈ కారణాన్ని మన సాహిత్యం ఇంకా ఒక కారణంగా గుర్తించినట్టు లేదు.

చిన్నమ్మది సారంగాపూర్ మండలంలో ఒక పల్లె. ఆమె బీడీలు చేస్తుంది, చిన్నాయన గల్ఫ్‌లో ఉంటాడు. జగిత్యాల దిక్కు ఈ రెండు ముక్కలు చెప్తే ఒక ఇంటి పరిచయం అయిపోయినట్టే. వాళ్ళ సంఘం ఒక రేకుల షెడ్డు. అందులో ఆమె ఇరవై ఏళ్ళు చాప పరిచింది, పాట ఎత్తుకుంది, స్త్రీల కూడికలో ప్రార్థన చేసింది. మొన్న మొన్నటి దాకా ఆ షెడ్డుకు వచ్చిన నాలుగు కుటుంబాలు ఇప్పుడు రావట్లేదు. మొదట మానింది చిన్నమ్మే.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్ళెం నిండా వాగ్దాన కార్డులు పెడతారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి ఆ ఇంటికి అదే దేవుడి మాట. ఆమెకు యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు తన జనం గురించి తలపెట్టింది మేలే గానీ కీడు కాదని, వాళ్ళకు ముందు మంచిరోజులున్నాయని దాని సారాంశం. క్రైస్తవుల ఇళ్ళల్లో గోడ గడియారాల మీదా, పెళ్ళి కార్డుల మీదా, వాట్సాప్ స్టేటస్‌ల మీదా ఉండే వచనం. పాస్టరు కూడా ఆ రాత్రి దాని మీదే ప్రసంగం చేశాడు. ఈ ఏడు వీసాలు వస్తాయి, అప్పులు తీరతాయి, ఆగిన స్లాబులు పడతాయి, పోయినవాళ్ళు చేతినిండా తిరిగొస్తారు. అందరూ ఆమెన్ అన్నారు. చిన్నమ్మ కూడా అంది.

తర్వాత ఒక మధ్యాహ్నం బీడీల చాట పక్కన పెట్టి, కార్డు మీది వచనం బైబిల్లో ఎక్కడుందో వెతికింది. దొరికింది. దానికి పైనున్న వచనం కూడా చదివింది. అందులో డెబ్బై ఏళ్ళని ఉంది.

స్త్రీల కూడికలో పాస్టరును అడిగింది. అది అప్పటివాళ్ళ కోసం, ఇది మన కోసం అన్నాడట ఆయన. ఫోన్లో నాకు చెప్తూ చిన్నమ్మ అంది: “నేనేం లొల్లి పెట్టుకోలే కొడుకా. పదకొండు మనదైతే పది ఎవలది అన్న. గంతే.”

నేను పదేళ్ళుగా పుస్తకాల గురించి రాస్తున్నాను. ఇంత సూటి విమర్శ నా చేత ఎప్పుడూ కాలేదు.

ఆ వచనం ఒక ఉత్తరంలో వాక్యం. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజునీ, పెద్దల్నీ, పనివాళ్ళనీ బబులోనుకు పట్టుకుపోయాడు. బబులోను అంటే ఇప్పటి ఇరాక్. మా దిక్కువాళ్ళు పనికి పోయే దేశాల్లో అదీ ఒకటి. పోయినవాళ్ళకు యిర్మీయా యెరూషలేము నుంచి ఉత్తరం రాశాడు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ పట్టణం బాగు కోసం ప్రార్థన చేయండి, ఎందుకంటే అది బాగుంటేనే మీరు బాగుంటారు అని. అంటే తొందరగా తిరిగి రావడం లేదని మెల్లగా చెప్తున్నాడు. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళ లెక్క. ఆ తర్వాతే కార్డు మీది మాట. పదో వచనం విన్నవాడికి పదకొండు ఓదార్పు. పది తీసేస్తే మిగిలేది లాటరీ టికెట్.

దానికి ముందు అధ్యాయం ఇంకా ముఖ్యం. హనన్యా అనే ప్రవక్త గుడిలో అందరి ముందూ నిలబడి, రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తుందంటాడు. యిర్మీయా మెడ మీదున్న కాడిని తీసి విరగ్గొడతాడు. యిర్మీయా మొదట ఏమంటాడో చూడండి. ఆమెన్ అంటాడు, అలాగే జరిగితే ఎంత బాగుణ్ణు అన్నట్టు. అతనికీ అదే కావాలి. కాడి విరిగాక మాత్రం ఏమీ మాట్లాడకుండా అక్కణ్ణుంచి వెళ్ళిపోతాడు. జవాబు తర్వాతెప్పుడో తెస్తాడు.

ఈ కథ చిన్నమ్మకు చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “రెండేండ్లే అని ఏజెంటు గూడ గట్లనే చెప్పిండు” అంది. చిన్నాయన మొదటి అగ్రిమెంటు రెండేళ్ళది. అప్పు చేసి పోయాడు, అప్పు కోసం ఉండిపోయాడు. వాళ్ళ పెద్దపిల్లకు ఇప్పుడు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు.

లోతులేని బోధ అనగానే గ్రీకు, హీబ్రూ రాని బోధ అనుకుంటాం. లేకపోతే పొట్టి ప్రసంగం అనుకుంటాం. చిన్నమ్మ వాళ్ళ పాస్టరు ప్రసంగం గంటన్నర. ఆయనకు గొంతుంది, ఏడిపించగలడు, నవ్వించగలడు. లేనిదల్లా ముందు వాక్యం. యిర్మీయా మాటను ఆయన హనన్యా గొంతుతో చెప్పాడు. నా వృత్తి భాషలో చెప్పాలంటే ప్రశ్న చదవకుండా జవాబు కాపీ కొట్టి పేస్ట్ చేయడం. కోడ్ నడిచినట్టే ఉంటుంది, ఎక్కడ పగులుతుందో ఆరు నెలల తర్వాత తెలుస్తుంది.

ఆయన్ని తిట్టడం తేలికే. ఆదివారం మూడు ఊళ్ళు తిరుగుతాడు, సొంత బండి మీద, సొంత పెట్రోలుతో. వారమంతా పనికి పోతాడు. ఎవరూ ఆయన్ని కూర్చోబెట్టి ఒక పుస్తకం మొదటి నుంచి చివరి దాకా చదివించలేదు. పైగా వినేవాళ్ళు కూడా కార్డే కావాలన్నారు. నేను ఒక ఏడాది సెలవులకు పోయినప్పుడు నాకూ ఒకటి వచ్చింది. దాన్ని పర్సులో పెట్టుకుని అప్రైజల్ మీటింగ్‌కు పోయాను.

చదువు లేకపోవడానికీ లోతు లేకపోవడానికీ ముడి పెట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. మా అవ్వకు చదువు రాదు. యోసేపు కథ చెప్పమంటే గుంటలో పడేసిన దగ్గర మొదలుపెట్టి జైలు, కలలు, కరువు, అన్నదమ్ములు గింజల కోసం రావడం, అన్నీ వరసగా చెప్పేది. జైలు దగ్గర తొందరపడేది కాదు. ఆమెకు ఇది పాటల్లోంచి వచ్చింది. పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం నుంచి తెలుగు క్రైస్తవం పుస్తకం పట్టుకోలేనివాళ్ళకు కీర్తనలతో పాఠం చెప్పింది. పాటలో కథ మధ్యలో తెగదు. పల్లవి మళ్ళీ మళ్ళీ వచ్చినా చరణాలన్నీ దాటాలి. కార్డుకు చరణాలు లేవు.

1968లో పి.వై. లూక్, జాన్ కార్మన్ కలిసి మెదక్ ప్రాంతపు పల్లె క్రైస్తవుల మీద ఒక పుస్తకం తెచ్చారు. చర్చికి పోయేవాళ్ళే ఊరి దేవతల పండుగల్లో ఎలా పాలు పంచుకుంటారో దగ్గరగా చూసి రాసిన పుస్తకం. మంచి పుస్తకం. కానీ అలాంటి అధ్యయనాలు చదివేటప్పుడు ఒకటి గమనిస్తాను. విశ్వాసం పలచగా ఉందా, చిక్కగా ఉందా అన్న ప్రశ్న ఎప్పుడూ బల్లల మీద కూచున్నవాళ్ళకే వేస్తారు. చిన్నమ్మ ఆ ప్రశ్నను వేదిక వైపు తిప్పింది. చర్చి మా ఇళ్ళల్లోకి తెచ్చిన వాటిల్లో అక్షరం పెద్దది. అక్షరం వచ్చిన మనిషి పై వచనం చదివితే ఇబ్బంది పడటం ఏమిటి?

ఇలా వెళ్ళిపోవడం తెలుగు నేలకు కొత్త కాదు. పంజాబ్ సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్త్ సింగ్ ఇంజనీరింగ్ చదువుకని బయటి దేశాలకు పోయి, 1929లో కెనడాలో క్రైస్తవుడై, 1933లో తిరిగొచ్చాడు. 1941లో మద్రాసులో సంఘం పెట్టాడు, తర్వాత హైదరాబాద్‌లో హెబ్రోను వచ్చింది. 2000లో ఇక్కడే చనిపోయాడు. మిషను సంఘాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఆయన కూడికలకు తరలిపోయాయి. గొర్రెల్ని ఎత్తుకుపోతున్నాడని పాత సంఘాలవాళ్ళు కోపగించుకున్నారు. గొర్రెలు ఎందుకు పోయాయో అడిగినవాళ్ళు తక్కువ. అక్కడ బల్లలు లేవు, చాపలున్నాయి. చేతుల్లో ఎవరి బైబిలు వాళ్ళకుంది. గంటల తరబడి వాక్యం. స్వస్థతలూ, పాటలూ, అందరూ కలిసి తినే ప్రేమవిందులూ కూడా జనాన్ని లాగాయి, కాదనను. కానీ పుస్తకం తమ ఒళ్ళో తెరిచి ఉండగా వినడం వేరే అనుభవం. చెప్పేవాడు ఏ వచనం వదిలేశాడో తెలుస్తుంది.

చిన్నమ్మ ఇప్పుడు ఆటోలో జగిత్యాల పోతుంది, అలాంటి ఒక కూడికకే. మానిన మిగతా కుటుంబాల్లో ఒకటి ఆమెతో వస్తుంది, ఒకటి ఇంట్లో యూట్యూబ్ పెట్టుకుంటుంది, ఒకటి ఎటూ పోవట్లేదు. ఊళ్ళో మాత్రం, కానుక ఎగ్గొట్టనీకి పోయిండ్రు అనుకున్నారు. రేపు ఇంట్లో ఎవరైనా పోతే సమాధి దగ్గర ప్రార్థన ఎవరు చేస్తారు, పిల్ల పెళ్ళి ఏ పాస్టరు చేస్తాడు అన్న భయం చిన్నమ్మకు ఉంది. పెద్దపిల్ల సంబంధం ఒకటి పాత సంఘం ద్వారానే రావాల్సింది, ఆగిపోయింది. పై వచనం చదివినందుకు ఇంత ఖర్చవుతుందని కార్డు మీద రాసి ఉండదు.

కొత్తచోట వరసగా చదువుతారు. ఒక పుస్తకం మొదలుపెడితే నెలలు పడుతుంది. బాగుందా అని అడిగాను. “సదువుడు మంచిగనే సదువుతరు. గని ఆడోళ్ళు అడిగేది లేదు” అంది. పాత సంఘంలో తప్పు జవాబైనా వచ్చింది. ఇక్కడ ప్రశ్నకే చోటు లేదు. లోతు అనుకున్నదాంట్లో కూడా ఇలాంటి ఎండిన చోట్లుంటాయి. ఈ విషయంలో భక్త్ సింగ్ వారసులను ఎవరైనా నిలబెట్టి విమర్శించాలి. నేను ఆదివారాలు పడుకునే మనిషిని, నాకంత అర్హత లేదు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆమె బైబిల్లో ఆ పాత కార్డు ఇంకా యిర్మీయా పేజీలోనే ఉంది. పారేయలేదు. రాత్రి చిన్నాయన వీడియో కాల్ చేశాడు. క్యాంపు గదిలో పై మంచం మీద పడుకుని ఉన్నాడు, వెనక ఎవరిదో గురక. కాల్ అయ్యాక చిన్నమ్మ ప్రార్థనకు కూచుంది. ఎప్పటిలాగే ఆయన మోకాలు నొప్పి, ఆగిన జీతం, పిల్ల సంబంధం. తర్వాత ఆ ఊరి పేరు పట్టుకుని, ఆ ఊరు బాగుండాలె అంది. అక్కడ ఎండ కొట్టకుండా ఉండాలె, ఆ కంపెనీ మంచిగ నడవాలె, ఆయన సేటు పిల్లలు సల్లగుండాలె అంది. లేచాక నన్నడిగింది.

“ఇరవై ఏండ్లు వీసా కోసం ప్రార్థన జేసినం గదా. దుబాయి కోసం ఎన్నడన్న జేసినమారా?”