మిద్దె మీద బండ, బండ మీద గాలి

కర్నూల్లో ఇల్లు కట్టేవాడికి మిద్దె అనగానే మొదట ఎండ గుర్తొస్తుంది, తర్వాత కారడం. గాలి మాటెత్తితే మేస్త్రీలు నవ్వుతారు. "ఇదేమన్నా బందరా సార్, తుపానొచ్చేదానికి? బండ యాడన్నా ఎగురుతాదా?" అని మొన్న ఒకాయన నన్నే అడిగినాడు. ఆయన పరుస్తున్నది అంగుళం మందం బేతంచెర్ల నాపరాయి. కింద వాటర్‌ప్రూఫింగ్ పొర చెడిపోకూడదని, సిమెంటు లేకుండా ప్లాస్టిక్ దిమ్మెల మీద వదులుగా పెడుతున్నాడు.

ఆయన తాత కాలానికైతే ఆ మాటకు తిరుగులేదు. దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన బండలు, మీద జానెడు మన్ను, అన్నిటికీ పైన చౌడు. ఆ మన్నే చదరపు మీటరుకు మూడు వందల కిలోలు దాటుతుంది. ఎండకు తాళలేక వేసుకున్న బరువది. గాలికి కాపలా ఉచితంగా దొరికింది. ఇప్పుడు స్లాబు మీద ఆ మన్ను లేదు, కాపలా ఉందన్న ధీమా మాత్రం మిగిలింది.

సీమలో గాలి లేదనేవాళ్లు ఎండాకాలంలో ఒకసారి పులివెందుల అరటి తోటల వైపు పోయి రావాలి. అరగంట గాలివానకు గెలలతో సహా చెట్లు సగానికి విరిగి పడుంటాయి. ఆషాఢం గాలిని నమ్ముకునే కదా మన గుట్టల మీద గాలిమరలు పాతింది!

భారత ప్రమాణాల సంస్థ పుస్తకం ఐఎస్ 875 మూడో భాగంలో కర్నూలుకు రాసిన గాలి వేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. విజయవాడకు, విశాఖకు 50 రాశారు. మనది తక్కువే, నిజం. కానీ అడ్డంలేని మైదానంలో ఆ 39 మీటర్ల గాలి చదరపు మీటరు మీద చూపే ఒత్తిడి 93 కిలోల బరువుతో సమానం. అంగుళం నాపరాయి చదరపు మీటరుకు 67 కిలోలు తూగుతుంది.

గాలి బండను కిందినుంచి తోస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పైనుంచి పీకుతుంది. గోడను కొట్టి పైకి లేచిన గాలి మిద్దె అంచు దాటేచోట పైన పీడనం పడిపోతుంది. మూలమీదుగా ఏటవాలుగా వచ్చిందంటే రెండు అంచుల వెంటా సుడులు తిరుగుతుంది, అక్కడ ఈ పీకుడు మధ్యలో కంటే రెట్టింపు దాకా పోతుంది. అందుకే లేచేది ఎప్పుడూ మూలబండే. మూరెడు పిట్టగోడ కంటే నడుమెత్తు పిట్టగోడ మేలు, సుడిని బండలకు ఎత్తులో ఉంచుతుంది.

మరి వదులుగా పరిచిన బండలన్నీ ఎగిరిపోవాలి కదా? పోవు. వాటిని కాపాడేది సందులే. సందులోంచి పైన తగ్గిన పీడనం బండ కిందికీ చేరుతుంది, పైనా కిందా తేడా తగ్గిపోతుంది. దిమ్మెలు ఎంత పొట్టిగా ఉంటే అంత త్వరగా చేరుతుంది. చూడ్డానికి బాగుంటుందని సందులన్నీ సిమెంటుతో పూడ్చి, కింద మాత్రం బోలుగా వదిలేసే పని చూస్తే నాకు కోపమొస్తుంది.

అంతా రెండంగుళాల బండ వేస్తే సరిపోదా అంటారు. చదరపు మీటరుకు 130 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు ఇంజనీర్లు లెక్కగట్టే అదనపు బరువే మామూలుగా 150 కిలోలు. ముందే డిజైన్లో చెప్పని స్లాబు మీద అంత మోపడం ఇంకో ప్రమాదం. కాబట్టి బరువు బండ మూలల్లో, అంచుల వెంట మూడు నాలుగు అడుగుల మేర చాలు, అదీ ఇంజనీరును అడిగాకే. అక్కడి బండలను స్టీలు పట్టీలతో ఒకదానికొకటి కలిపేస్తే, ఒకటి లేవాలంటే పక్కవాటినీ లేపాలి. సిమెంటుతో అతికించిన బండల్ని కూడా నమ్మేయొద్దు. మన ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుని పట్టు వదిలేస్తాయి. ఏటా ఉగాది లోపల కర్రతో తట్టి చూడాలి, గుల్ల మోత వచ్చినచోట మళ్లీ వేయించాలి.

కంకర మాత్రం వదులుగా పోయొద్దు. 1983లో హ్యూస్టన్‌లో అలీసియా తుపానుకు మిద్దెల మీది కంకర ఎగిరి ఎత్తయిన భవనాల అద్దాలు పగలగొట్టింది. మనవాళ్లు రేకుల మీద పెట్టే రాళ్లూ అంతే. రేకు లేస్తే ముందు వీధిలో పడేది ఆ రాయే.

2024లో పీఎం సూర్యఘర్ వచ్చాక మిద్దెల మీద సోలార్ పలకలు పెరిగాయి. స్లాబుకు రంధ్రం వేస్తే కారుతుందని చాలామంది కాంక్రీటు దిమ్మెల మీదే నిలబెట్టమంటున్నారు. దక్షిణానికి వంచి పెట్టిన పలక కిందికి ఉత్తరం గాలి నేరుగా దూరుతుంది, పైగా పలకకు సొంత బరువు తక్కువ. దిమ్మె ఎన్ని కిలోలో, ఏ వేగానికి లెక్క కట్టారో కాంట్రాక్టరు కాగితం మీద రాసిచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.