ఇల్లు, రాజ్యం, అప్పు: ఒక ఉపమపై విమర్శ

ఉపమాలంకారానికి నాలుగు అంగాలని తరగతిలో ఏటేటా చెబుతూనే వున్నాను: ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. వీటిలో సమాన ధర్మాన్ని కవి పైకి చెప్పకపోవచ్చు. అప్పుడు దాన్ని లుప్తోపమ అంటారు, అదీ అలంకారమే. కాని ధర్మాన్ని చెప్పకపోవటం వేరు, అసలు ధర్మమే లేకపోవటం వేరు. రెండవది అలంకారం కాదు, అబద్ధం. ఈ తేడాను విద్యార్థులకు బోధించే నేనే 2025 అక్టోబరులో ఒకనాడు దాన్ని మరిచిపోయాను.

ఆ నెల 1వ తేదీ నుంచి అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వ కార్యాలయాలు చాలావరకు మూతబడి వున్నాయి. ఉపమకు సొంత ఉదాహరణ ఇమ్మని అడిగితే, టెక్సాసులో అక్క కాపురముంటున్న ఒక విద్యార్థిని లేచి, "అప్పుల్లో మునిగిన సంసారంలాగ అమెరికా ప్రభుత్వం తలుపులు మూసుకున్నది, మాస్టారూ" అన్నది. తరగతి మెచ్చుకున్నది. నేనూ "బాగుంది" అన్నాను. ఇంటికి వచ్చి ఆలోచిస్తే బాగులేదని తేలింది. ఆ కార్యాలయాలు మూతబడింది డబ్బు లేక కాదు. ఖర్చుకు అనుమతినిచ్చే చట్టాన్ని కాంగ్రెసు, అంటే అక్కడి శాసనసభ, ఆమోదించలేదు, అంతే. నవంబరు 12న ఆమోదం దొరికింది, తలుపులు తెరుచుకున్నాయి. ఆ నలభై మూడు రోజులలో లక్షలాది ఉద్యోగులకు జీతం ఆగింది గాని, బాండ్లు పట్టుకున్నవారికి వడ్డీ ఒక్కనాడూ ఆగలేదు. ఈ విషయాన్ని మా విద్యార్థిని ఉపమ చెప్పలేదు, చెప్పలేదు సరికదా కప్పిపుచ్చింది.

ఆ అమ్మాయిని తప్పు పట్టి లాభం లేదు. ఆ ఉపమను ఆమె కల్పించలేదు. పెద్దలు నేర్పితే నేర్చుకున్నది. 1981 ఫిబ్రవరి 18న రీగన్ కాంగ్రెసు ముందు ప్రసంగిస్తూ, ట్రిలియను డాలర్లంటే, మన లెక్కలో లక్ష కోట్లంటే, వెయ్యి డాలర్ల నోట్లు ఒకదానిపై ఒకటి పేర్చితే 67 మైళ్ళ ఎత్తు అని వర్ణించాడు. ఆనాటికి అమెరికా అప్పు ఆ అంకెను సమీపిస్తున్నది. వర్ణనలో లెక్క తప్పు లేదు. కాని దాని పని లెక్క చెప్పటం కాదు, భయానక రసాన్ని పోషించటం. ఆ భయం నీడన పేదల ఆహార కూపన్లకు కోత పడింది. సంపన్నుల పన్ను తగ్గింది. సైనిక వ్యయం పెరిగింది. రీగన్ గద్దె దిగేనాటికి అప్పు దాదాపు మూడింతలైంది. అప్పటికి 67 మైళ్ళ స్తంభం సంగతి ఆయన పక్షంవారెవరూ ఎత్తలేదు.

ఇది ఒక పక్షానికే పరిమితమైన జబ్బు అనుకుంటే పొరపాటు. 2010 జనవరిలో, పనిలేనివారి సంఖ్య నూటికి పదికి చేరువలో వున్న రోజుల్లో, ఒబామా కాంగ్రెసు ముందు నిలబడి, కుటుంబాలు నడుం బిగించుకుంటున్నాయి గనుక ప్రభుత్వమూ అలాగే చెయ్యాలన్నాడు. ఖర్చులో కొంత భాగాన్ని మూడేళ్ళు పెరగనివ్వనని ప్రకటించాడు. రెండు వైరి పక్షాలు ఒకే ఉపమను వాడుతున్నాయంటే అది ఇద్దరి వ్యక్తిగత శైలికి చెందిన విషయం కాదు. అది పాలకవర్గపు వాడుక భాష.

ఇక సమాన ధర్మాన్ని పరీక్షిద్దాం.

సంసారి డాలరు ఖర్చుపెట్టాలంటే ముందు దాన్ని సంపాదించాలి, లేదా అప్పు తేవాలి. ఫెడరల్ ప్రభుత్వం డాలరును పుట్టించే రాజ్యం. 1862లో అంతర్యుద్ధం నడుమ లింకన్ ప్రభుత్వం, బంగారం చాలక, 15 కోట్ల డాలర్ల కాగితపు నోట్లను చట్టబద్ధంగా జారీచేసింది. 1971 ఆగస్టు 15న నిక్సన్ డాలరుకూ బంగారానికీ మిగిలిన ముడిని కూడా తెంపేశాడు. ఈనాడు ప్రభుత్వ ఖజానా చెల్లింపు జరిపితే ఫెడరల్ రిజర్వులో వున్న బ్యాంకుల ఖాతాల్లో అంకె పెరుగుతుంది. జనం పన్ను కడితే ఆ అంకె తగ్గుతుంది. 2009లో ఫెడరల్ రిజర్వు అధిపతి బెర్నాంకీ ఒక టెలివిజన్ సంభాషణలో, బ్యాంకులకు తాము ఇస్తున్నది పన్నుల సొమ్ము కాదనీ, కంప్యూటరులో వాటి ఖాతా అంకెను పెంచుతున్నామనీ దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. ఖజానా తన ఖాతాలో నిలవ వుంచుకోవాలన్న నియమం వున్నమాట నిజమే. అందుకే పన్నులూ బాండ్లూ కావలసి వస్తున్నాయి. కాని అది కాంగ్రెసు రాసుకున్న నియమం; కాంగ్రెసు మార్చుకోగల నియమం. ఏ సంసారికి ఈ సౌకర్యం వుంది?

రెండవది. సంసారి వృద్ధుడౌతాడు, చనిపోతాడు. షావుకారు అంతలోగా వసూలు చేసుకోవాలి. రాజ్యానికి ఆ గడువు లేదు. 1946లో ప్రజల చేతుల్లోని అమెరికా బాండ్లు ఆ దేశపు సాలుసరి ఉత్పత్తిని మించిపోయాయి. నూటికి 106 వంతులు. 1974 నాటికి అది నాలుగో వంతుకన్న తక్కువకు దిగింది. అంతమాత్రాన అప్పు తీర్చేశారనుకోకూడదు. ఆ కాలంలో అప్పు మొత్తం సుమారు 24,200 కోట్ల డాలర్ల నుంచి 34,400 కోట్లకు పెరిగింది. ఉత్పత్తి అంతకన్న ఎన్నోరెట్లు పెరిగింది, ధరలూ పెరిగాయి, అందుచేత భారం తేలికైంది. ఆ ఏళ్ళలోనే చాలాకాలం అత్యధిక ఆదాయాలపై పన్ను రేటు నూటికి 90 పైన వుండేదన్న సంగతిని నడుం బిగింపు ఉపన్యాసకులు తలచుకోరు.

మూడవది. ఒక ఇంటి అప్పు పక్కింటివాడి ఆస్తి. ప్రభుత్వపు అప్పూ అంతే. ఎవరో ఒకరి ఇనుప్పెట్టెలో అది ఆస్తిగా వుంటుంది. అప్పు మొత్తం తీరిపోతే ఆ ఆస్తీ పోతుంది. అమెరికా చరిత్రలో ఒకే ఒక్కసారి, 1835 జనవరిలో, ఆండ్రూ జాక్సన్ కాలంలో జాతీయ ఋణం పూర్తిగా తీరింది. మూడేళ్ళు తిరగకుండానే, 1837లో, బ్యాంకులు కూలాయి. దీర్ఘమైన మాంద్యం వచ్చింది. దానికి కారణాలు అనేకం. అప్పు తీరటంవల్లనే కూలాయని నేననను. కాని అప్పు లేని సంసారం చల్లగా వుంటుందన్న సామెత రాజ్యాన్ని కాపాడలేదన్నంతవరకు స్పష్టం.

ఉపమ కొంత పొసిగే చోట్లు కూడా వున్నాయి. కాలిఫోర్నియా వంటి అమెరికన్ రాష్ట్రాలకు సొంత నాణెం లేదు. మన ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలకూ లేదు. 2010లో సంక్షోభంలో చిక్కిన గ్రీసు యూరోను పుట్టించలేదు. వీటి కష్టాన్ని ఫెడరల్ ప్రభుత్వానికి అంటగట్టటం, కూలివాడి కష్టాన్ని టంకశాలకు అంటగట్టటం వంటిది.

ఇంత సంగతి వుండగా జనం ఈ ఉపమను ఎందుకు నమ్ముతారు? కళ్ళముందు పెట్టారు గనుక. 1989లో సేమూర్ డర్‌స్ట్ అనే భూముల, భవనాల వ్యాపారి న్యూయార్కు నడిబొడ్డున అప్పు గడియారం వేలాడదీశాడు. అంకెలు నిమిషనిమిషమూ పరుగెత్తుతుంటాయి. కింద ఒక్కొక్క కుటుంబపు వాటా కనిపిస్తుంది. 2000లో మిగులు బడ్జెట్ల పుణ్యమా అని అంకె వెనక్కు నడుస్తుంటే గడియారాన్ని ఆపేశారు. 2002లో మళ్ళీ నడిపించారు. తగ్గే అప్పుతో భయం పుట్టదు కదా! 2008లో అంకెలకు చోటు చాలక డాలరు గుర్తు స్థలంలో అంకె పెట్టవలసి వచ్చింది.

ఈ గడియారాన్ని ఒక రచనగా చదివితే దాని మోసం ఎక్కడుందో తెలుస్తుంది. అది "మీ కుటుంబపు వాటా" అంటుంది. అప్పును తలా ఇంత అని సమానంగా పంచుతుంది. బాండ్లను మాత్రం పంచదు. 2025 అక్టోబరులో ఆ అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. అందులో సుమారు ఐదో వంతు ఆ ప్రభుత్వపు సొంత నిధులకే, వృద్ధాప్య పింఛను నిధి మొదలైనవాటికి, చెల్లవలసినది. విదేశీయుల చేతిలో వున్నది నాలుగో వంతుకు కొంచెం అటూ ఇటూ. అందరూ బూచిగా చూపించే చైనా వాటా వంద డాలర్లకు రెండు డాలర్ల పరిసరాల్లో వుంది. మిగిలినది ఫెడరల్ రిజర్వు, బ్యాంకులు, ఫండ్లు, పింఛను సంస్థలు, ధనికులు. 2024 ఆర్థిక సంవత్సరంలో వడ్డీ కింద చెల్లించినది సుమారు 88,000 కోట్ల డాలర్లు. సైనిక వ్యయాన్నే మించింది. అప్పులో పాకీపనివాడికీ వాటా చూపించే గడియారం ఈ వడ్డీలో అతని వాటా ఎంతో ఎందుకు చూపించదు? ప్రభుత్వ ఋణం పనిచెయ్యని ధనికవర్గాన్ని సృష్టించే సాధనమని మార్క్సు 1867లోనే 'పెట్టుబడి' మొదటి సంపుటంలో చూపించాడు. గడియారం కట్టినవారు ఆ పుటలు తిరగేసినట్టు లేదు.

ఉపమతో బాటు మరో పాత కావ్యలక్షణం కూడా ఇక్కడ పనిచేస్తున్నది. అది నాయకుడు. ఇల్లు అన్నాక యజమాని వుండాలి. రాజ్యమన్నాక ధీరోదాత్తుడు వుండాలి. "క్లింటన్ మిగులు చూపించాడు, ఫలానావాడు అప్పు చేశాడు" అంటూ పాఠకులు బడ్జెట్టును ప్రబంధంలా చదువుతున్నారు. రాజ్యాంగం మొదటి అధికరణం ప్రకారం పన్ను వెయ్యటం, అప్పు తేవటం, నాణెం ముద్రించటం కాంగ్రెసు అధికారాలు. వడ్డీ రేటును 1913లో ఏర్పడిన ఫెడరల్ రిజర్వు నడిపిస్తుంది. బ్యాంకులు అప్పు ఇచ్చినప్పుడల్లా కొత్త డిపాజిట్లు పుడుతూనే వుంటాయి. 1998 నుంచి 2001 దాకా క్లింటన్ కాలపు మిగులుకు షేర్ల విజృంభణ పెద్ద ఆధారం. ఆ రోజుల్లో ప్రభుత్వం మిగుల్చుకున్నది. కుటుంబాలూ కంపెనీలూ అప్పుల్లోకి దిగాయి. 2001లో మాంద్యం వచ్చింది. యజమాని పొదుపరి అని మెచ్చుకున్నవారు ఆ పొదుపు ఎవరి చేతిబదులో చూడలేదు. నాయకులకు బాధ్యత లేదని నా అభిప్రాయం కాదు. వారి బాధ్యత అప్పు అంకెకు కాదు, ఆ అప్పుతో ఎవరికి ఏమి చేశారన్నదానికి.

మర్నాడు తరగతిలో నా తప్పు ఒప్పుకొని ఇదంతా చెప్పాను. అదే అమ్మాయి మళ్ళీ లేచింది. "అయితే ఎంత కావాలంటే అంత పుట్టించుకోవచ్చునా, మాస్టారూ? 2022లో సరుకుల ధరలు చూసి మా అక్క గుండెలు బాదుకున్నది" అన్నది. ఆమె ప్రశ్న నా పాఠంకన్న విలువైనది. ఇల్లు అనే ఉపమను పారేసినవారిలో కొందరు మరో ఉపమలో పడుతున్నారు; రాజ్యం అక్షయపాత్ర అంటున్నారు. 2020లో మహమ్మారి నాడు కాంగ్రెసు ఒక్క చట్టంతో రెండు లక్షల కోట్ల డాలర్లకు పైగా మంజూరు చేసింది. ఫెడరల్ రిజర్వు ఆస్తులు సుమారు 4 లక్షల కోట్ల నుంచి 2022 నాటికి 9 లక్షల కోట్ల దరిదాపులకు పెరిగాయి. డబ్బు పుట్టింది, ఆకలి కొంత తగ్గింది. కాని ఓడలు కదలనిచోట, కర్మాగారాలు మూతబడినచోట డబ్బు సరుకును పుట్టించలేదు. ఉక్రెయిన్ యుద్ధం తోడైంది. 2022 జూనులో ధరలు ఏడాదిలో నూటికి 9.1 వంతులు పెరిగాయి. స్టెఫనీ కెల్టన్ 2020లో ప్రచురించిన గ్రంథం, లోటుకు భయపడనక్కరలేదంటూనే, సరుకు, శ్రమ, ధరలే నిజమైన హద్దులని చెబుతుంది. అంతవరకు అంగీకరించాలి. అయితే పుట్టిన డబ్బు ఎవరి చేతికి చేరుతుందన్నది ఖాతా పుస్తకం తేల్చదు. దాన్ని వర్గబలం తేలుస్తుంది. 2020లో కార్మికునికి చెక్కు వచ్చింది, షేర్లవానికి షేర్ల ధర వచ్చింది. చెక్కులు ఏడాదికే ఆగిపోయాయి.

దీని ఫలితమేమిటో చూడాలంటే దూరం పోనక్కరలేదు. 2025 జూలై 4న అమెరికాలో ఒక పెద్ద చట్టం అమలుకు వచ్చింది. అప్పుల మీద కన్నీరు కార్చిన పక్షమే దాన్ని తెచ్చింది. అది పన్ను తగ్గింపులను పొడిగించింది, అప్పు పరిమితిని 5 లక్షల కోట్ల డాలర్లు పెంచింది, పేదల వైద్యసహాయానికి కోత పెట్టింది. కాంగ్రెసు సొంత బడ్జెటు కార్యాలయం లెక్క ప్రకారమే పదేళ్ళలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుంది. 2034 నాటికి సుమారు కోటిమందికి ఆరోగ్య బీమా వుండదు. అడుగు పదో వంతు కుటుంబాలు నష్టపోతాయి, పై పదో వంతు లాభపడతాయి. పేదవాడి మందు దగ్గరకు వచ్చేసరికి రాజ్యం చితికిపోయిన సంసారం. ధనికుడి పన్ను దగ్గరకు వచ్చేసరికి అదే రాజ్యం అక్షయపాత్ర. ఒకే చట్టంలో రెండు ఉపమలూ ఇమిడి వున్నాయి.

ఆర్థిక శాస్త్రం మన పని కాదని సాహిత్య విద్యార్థులు, ఉపాధ్యాయులు పక్కకు తప్పుకుంటారు. నేనూ చాలాకాలం తప్పుకున్నాను. కాని ఉపమను పరీక్షించటం మన పనే కదా! పత్రికలో, ఉపన్యాసంలో, తరగతిలో "ఇల్లు వంటిది" అన్నమాట వినిపించినప్పుడల్లా సమాన ధర్మమేమిటని నిలదీద్దాం. అది దొరక్కపోతే, ఆ ఉపమవల్ల ఎవరి కంచంలో అన్నం తగ్గుతున్నదో అడుగుదాం. నేను "బాగుంది" అని ఊరుకున్న ఆ ఒక్కరోజు పాఠం మళ్ళీ చెప్పవలసి వచ్చింది. తోటి ఉపాధ్యాయులకు ఆ అవసరం కలగకూడదనే ఇంత రాశాను.