ఆరు తీగలేగా సార్!

నాలుగు తీగల బేస్ గిటార్ మెడకు తగిలించుకుని స్టేజీ ఎక్కిన రోజుల్లో నన్ను అందరూ ఒకటే అడిగేవాళ్లు: "మిగతా రెండు తీగలూ తెగిపోయాయా?" పెళ్లికొడుకు మేనమామలు అడిగారు, చవితి పందిరి కమిటీ కుర్రాళ్లు అడిగారు, ఒకసారి కరెంటు కనెక్షన్ ఇవ్వడానికొచ్చిన లైన్‌మన్ స్తంభం మీంచే అడిగాడు. తెగలేదండీ, దీనికి ఉన్నవే నాలుగు, దీన్ని బేస్ అంటారు అని చెప్పేవాణ్ని. నమ్మేవాళ్లు కాదు. పేదవాడు, తీగలు కొనుక్కోలేక అలా చెబుతున్నాడనుకునేవాళ్లేమో. తర్వాత కొన్నాళ్లకు ఆరు తీగల బేస్ కొన్నాను, పాతదే. అప్పట్నుంచి ఒక్కరూ ఏమీ అడగలేదు. గిటారే కదా అనుకుని పులిహోర వైపు వెళ్లిపోయేవాళ్లు.

ఒక్క తీగల దుకాణంలోనే ఇబ్బంది వచ్చింది. ఆరు తీగల బేస్‌కి సెట్టు కావాలంటే కుర్రాడు మామూలు గిటార్ తీగల ప్యాకెట్టు బల్ల మీద పెట్టి, "ఆరు తీగలేగా సార్!" అన్నాడు. ఆ ప్యాకెట్లో అన్నిటికంటే లావు తీగ నా బేస్‌లోని సన్న తీగకి దీటుగా ఉంటుందేమో. చివరికి చెన్నైలో ఉన్న స్నేహితుడి చేత తెప్పించుకున్నాను. అందులో మోటు తీగ మందం మూడు మిల్లీమీటర్లు దాటుతుంది. మొదటిసారి దాన్ని చుట్ట విప్పుతుంటే మా ఆవిడ వచ్చి, బట్టలారేసుకునే తీగ తెచ్చారా అని సంతోషపడింది.

ఇంతకీ ఆ తీగలేమిటో చెప్పాలి. మామూలు బేస్‌కి ఈ, ఏ, డీ, జీ అని నాలుగు తీగలు. దీంట్లో ఈ కింద బీ ఒకటి, జీ పైన సీ ఒకటి చేరతాయి. మన భాషలో చెప్పుకుంటే ఇంకా తేలిక: ఏ తీగనైనా సా అనుకోండి, దాని పై తీగ శుద్ధ మధ్యమం. చివరిదాకా అదే వరస. మామూలు గిటార్‌లో ఈ వరస ఒకచోట తప్పుతుంది, ఇందులో తప్పదు. కాబట్టి ఒక రాగం పట్టు ఒకచోట వేలికి వచ్చిందంటే మెడ మీద ఎక్కడికి జరిపినా అదే పట్టు. బీ తీగ కొడితే సెకనుకి దాదాపు 31 కంపనాలు. పియానోలో ఎడమ చివర నుంచి రెండో తెల్ల మెట్టు అది. అక్కడ మొదలై, 24 మెట్లున్న వాద్యమైతే, నాలుగు స్థాయిలు దాటి పైకి పోవచ్చు. మెడ మాత్రం అరచెయ్యంత వెడల్పు. వీణ వాయించేవాళ్లు చివరి తీగని అనుమంద్రం అంటారు. బీ తీగకి నేను మనసులో పెట్టుకున్న పేరు అదే.

కొన్న వారానికే ఒక పెళ్లి రిసెప్షన్లో వాయించాల్సి వచ్చింది. సాధన చాల్లేదు. అయినా కొత్త పెళ్లికూతుర్ని నలుగురికీ చూపించాలన్న ఆరాటం మనిషిని ఊరుకోనివ్వదు. పాట జీ స్కేల్‌లో ఉన్న మామూలు యుగళగీతం. బేస్‌కి పెద్ద పనేమీ లేదు, తాళానికి మూలస్వరాలు కొట్టుకుంటూ పోవడమే. ఇరవయ్యేళ్లుగా నా ఎడమచేతికి ఒకటే తెలుసు: అన్నిటికంటే లావు తీగ ఈ. దాని మూడో మెట్టు జీ. చెయ్యి అక్కడికే పోయింది. కానీ ఇప్పుడు అన్నిటికంటే లావు తీగ బీ. దాని మూడో మెట్టు డీ.

పాట మొదలైంది. ఏదో బాగాలేదు, ఏం బాగాలేదో ఎవరికీ తెలియదు. పాడే అమ్మాయి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. కీబోర్డు వాయించే బావగారు తన ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఉందేమోనని వంగి చూసుకున్నారు. నేనూ తీరిగ్గా కీబోర్డు వైపే చూశాను, తప్పు ఆయనదే అన్నట్టు! పల్లవి అయిపోయి చరణం వచ్చేదాకా నా వేళ్లు ఒక తీగ కిందకి దిగి నడుస్తున్నాయని నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక కూర్చుని లెక్కేసుకుంటే విడ్డూరంగా తోచింది. ఒక తీగ కిందకి దిగడమంటే ప్రతి కార్డు కిందా దాని సా వేయాల్సిన చోట మంద్ర పంచమం వేశానన్నమాట. జీ కార్డుకి డీ, సీ కార్డుకి జీ, డీ కార్డుకి ఏ. పంచమం అపస్వరం కాదు, ఆ కార్డులో ఉన్న స్వరమే. అందుకే పాట పడిపోలేదు, ఎవరూ చెవులు మూసుకోలేదు. కానీ పాట కూర్చోలేదు. పీట వేసి, దాని ఒక కాలు తీసేసినట్టు అలా ఊగుతూనే ఉంది. తంబూరాలో కూడా పంచమం ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది, కానీ ఆ వరసలో చివర మంద్ర షడ్జమం వచ్చి పాడేవాళ్లని కూర్చోబెడుతుంది. నేను కూర్చోబెట్టలేదు.

బేస్ చేసే పనేమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఈ రిసెప్షన్ కథే చెబుతాను. పైన వాళ్లు ఎన్ని స్వరాలు పేర్చినా, కింద ఏముందో దాన్నిబట్టి ఆ పేర్పుకి పేరు వస్తుంది. సీ, ఈ, జీ మూడూ కలిసి సీ మేజర్. అదే మూడింటి కింద బేస్ ఏ వేస్తే అది ఏ మైనర్ సెవెన్త్ అయిపోతుంది. పైవాళ్లు వేలు కదపలేదు, పాట ముఖం మాత్రం మారిపోయింది. వినేవాళ్లు బేస్‌ని వినకపోయినా, బేస్ తప్పుకున్న సంగతి వాళ్ల ఒంటికి తెలుస్తుంది. ఇళయరాజా పాటలు విని పెరిగిన మనకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయన బేస్ మూలస్వరం దగ్గర కాపలా కాయదు, కింద ఇంకో పాట పాడుతుంది. ఆ రాత్రి మొదటిది ఆయన పాట కాకపోవడం నా పూర్వజన్మ సుకృతం.

తీగ తప్పడం ఓ నెలలో సర్దుకుంది. సర్దుకోనిది మూలుగు. ఒక తీగ వాయిస్తుంటే మిగతా ఐదూ ఊరుకోవు. ఏ తీగ రెండో మెట్టు మీద బీ స్వరం కొట్టండి, ముట్టుకోని బీ తీగ తనంతట తాను వణికి గురగురమంటుంది. సితార్‌లో తరఫ్ తీగలు పెట్టేది ఇలా అనునాదం రావడానికే. అక్కడ అందం. ఇక్కడ, డ్రమ్ముల కింద, అది బురద. అందుకని ఆరు తీగల బేస్ వాయించేవాడి కుడి బొటనవేలు ఒకచోట ఉండదు. మీటే తీగ పైకి పోయేకొద్దీ బొటనవేలు కూడా వెంటే జరిగి, వెనకొదిలేసిన మోటు తీగలన్నిటి మీదా వాలి నోరు మూయిస్తుంది. ఎడమచేతి చూపుడువేలి అడుగుభాగం సన్న తీగల మీద తేలిగ్గా ఆని ఉంటుంది. వాయించే తీగ ఒకటి, మూయించే తీగలు ఐదు. సాధనలో నాకు పట్టిన కాలమంతా ఆ ఐదింటికే పట్టింది. ఎవరైనా ఈ వాద్యం వాయిస్తుంటే ఈసారి మీటే వేళ్లని వదిలేసి బొటనవేలిని చూడండి, వాయించేవాడి సంగతి తెలిసిపోతుంది.

మోటు తీగతో ఇంకో తంటా ఉంది. మామూలు బేస్‌లో తీగ పొడవు 34 అంగుళాలు. ఆ పొడవులో బీ తీగని అంత కిందకి దించితే వదులైపోయి, స్వరం స్పష్టంగా పలకదు. పొడవు పెంచితే బిగువు వస్తుంది, వేళ్లు మాత్రం మరీ చాచాల్సి వస్తుంది. పైగా మన పందిళ్లలో పెట్టే సౌండ్ బాక్సుల్లో చాలావాటికి 31 కంపనాలు పలికే శక్తి లేదు. రేకులు మాత్రం అదురుతాయి. మా సౌండ్ కుర్రాడు స్టేజీ కిందినుంచి చేతులు జోడించి, "అన్నా, ఆ లావు తీగ జోలికి పోమాకన్నా!" అని అరిచేవాడు.

మరి పలకని స్వరం జనానికి ఎలా వినబడుతుంది? చెవి పూర్తి చేసుకుంటుంది. 31 లేకపోయినా దాని రెట్టింపు 62, మూడింతలు 93, నాలుగింతలు 124 స్పీకర్లోంచి వస్తే, వీటికి తల్లి ఎవరో చెవే ఊహించి ఆ కింది స్వరాన్ని వింటుంది. చిన్నప్పుడు అరచేతిలో పట్టే ట్రాన్సిస్టర్‌లో 'గీతాంజలి' పాటల బేస్ వింటూ తలూపామంటే, అందులో సగం మన చెవులు కట్టుకున్నదే.

ఈ వాద్యానికి మూలపురుషుడు న్యూయార్క్ వాసి ఆంథొనీ జాక్సన్, 1952లో పుట్టినవాడు. ఆయన పేచీ సూటిగా ఉంటుంది. ఇది గిటార్ల వంశంలో పెద్దన్న. గిటార్‌కి ఆరు తీగలుంటే దీనికి నాలుగే ఎందుకు? ఎందుకంటే 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తయారుచేసినప్పుడు ఒళ్లు గిటార్‌ది తీసుకుని, తీగలు మాత్రం నిలబెట్టి వాయించే డబుల్ బేస్ నుంచి తీసుకున్నాడు. నాలుగు అనే లెక్క వయొలిన్ల ఇంటి నుంచి వచ్చింది. అది శాస్త్రం కాదు, అలవాటు అన్నాడు జాక్సన్. 1974లో ఈ ఊహ పట్టుకుని వాద్యాలు చేసేవాళ్ల చుట్టూ తిరిగాడు. 1975లో కార్ల్ థామ్సన్ చేసిపెట్టాడు. దాని మీద తీగలు మరీ దగ్గరదగ్గరగా ఉన్నాయని జాక్సన్‌కి తృప్తి కలగలేదు. తర్వాత బ్రూక్లిన్‌లోని ఫొడెరా వాళ్ల చేత మళ్లీ మళ్లీ చేయించుకుని 36 అంగుళాల పొడవు దగ్గర స్థిరపడ్డాడు. కూర్చుని వాయించేవాడు. వాద్యాన్ని బేస్ గిటార్ అంటే ఒప్పుకునేవాడు కాదు, కాంట్రాబేస్ గిటార్ అనాలి.

ఆరు తీగల బేస్ అంతకుముందు లేదా అంటే ఉంది, అది వేరే జాతి. 1956లో డానెలెక్ట్రో, 1961లో ఫెండర్ తెచ్చినవి మామూలు గిటార్‌ని ఒక స్థాయి కిందకి దించిన వాద్యాలు. సన్న మెడ, ఇరుకు తీగలు. గ్లెన్ క్యాంప్‌బెల్ 'విచిటా లైన్‌మన్'లో నడుమ వచ్చే ఆ నిదానమైన గిటార్ ముక్క అలాంటి దాని మీదే వాయించాడు. 'హెల్టర్ స్కెల్టర్'లో జాన్ లెనన్ పట్టుకున్నదీ ఆ జాతిదే. పేరొకటే అవడంతో కొనేవాళ్లు ఇప్పటికీ పొరబడుతుంటారు. జాక్సన్ దారిలో వచ్చినవాళ్లు వేరు: చిక్ కొరియా ఎలక్ట్రిక్ బ్యాండ్‌లో జాన్ పటిటూచి, డ్రీమ్ థియేటర్‌లో జాన్ మ్యుంగ్, ఆరు తీగల మీద వాయిస్తూనే గొంతెత్తి పాడే థండర్‌క్యాట్.

ఎక్కువ తీగల ఊహ మనకి దూరపు సంగతేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ చేసిందేమిటి? మాండొలిన్‌కి జంట తీగలు నాలుగు జతలు. కర్ణాటక గమకం పలకడానికి అవి అడ్డమని జంటలు తీసేసి ఒంటి తీగలు కట్టాడు. కింది స్థాయి చాలకపోతే ఐదోది చేర్చాడు. తీసేసిందీ చేర్చిందీ రెండూ రాగం అడిగినందుకే. కచేరీలో ఆయన ఆ కింది తీగ మీదకి దిగినప్పుడు, ఈ తీగ ఎందుకుంది అని ఎవరికీ అనుమానం రాలేదు.

నాకు అనుమానం నా వాద్యం మీదే. బీ తీగ నాకు నిజంగా అవసరమే. డీలోనో, ఈ ఫ్లాట్‌లోనో పాట ఉంటే నాలుగు తీగల బేస్‌కి కింద చోటు లేదు, స్వరాన్ని పై స్థాయికి ఎత్తాలి, పాట బరువు తగ్గిపోతుంది. సీ తీగ సంగతి వేరు. దాని మీద కార్డులు పట్టొచ్చు, సోలోలు వాయించొచ్చు, గదిలో ఒంటరిగా కూర్చుని గంటలు గడిపేయొచ్చు. ఆర్కెస్ట్రాలో మాత్రం ఆ చోట ఇప్పటికే గిటార్ ఉంది, కీబోర్డు ఉంది, పాడే మనిషి ఉంది. నేనూ అక్కడికెక్కితే కింద ఎవరుంటారు? ఇది జాక్సన్ వింటే ఒప్పుకోడు. ఎన్ని స్వరాలు అందుబాటులో ఉన్నాయన్నది ఒక సంగతి, ఎన్ని వాయించాలన్నది ఇంకో సంగతి, రెంటినీ కలపకు అంటాడు. నిజమే కావచ్చు. ఆయన జాగ్రత్తగా మీటిన చోట నేను కక్కుర్తిపడ్డానేమో.

కానీ ఒక్కటి చూడండి. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్‌కి ఉన్నవి నాలుగు తీగలు, మీటేది ఒక్క చూపుడువేలు. జాక్సన్‌కి ఆరాధ్యుడు ఆయనే. జాక్సన్‌కి పేరు తెచ్చిన పాట ఓజేస్ బృందం 1973లో పాడిన 'ఫర్ ద లవ్ ఆఫ్ మనీ'. పాట ఎత్తుకునేదే ఆయన బేస్ వరసతో. రచయితల జాబితాలో ఆయన పేరూ చేర్చారు, బేస్ వాయించినవాళ్లకి అలాంటి గౌరవం ఎప్పుడో గాని దక్కదు. ఆ వరస ఆయన వాయించింది నాలుగు తీగల ఫెండర్ మీద.

చర్చిలోనో, కాలేజీ బ్యాండ్‌లోనో బేస్ పట్టుకున్న కుర్రాళ్లు నాకు ఫోన్ చేసి, "అన్నా, ఆరు తీగలది కొనమంటావా?" అని అడుగుతుంటారు. ముందు నాలుగు తీగలది రెండేళ్లు వాయించమంటాను. కింద చోటు చాలట్లేదని చేతికి తెలిశాక ఐదు తీగలది కొనుక్కోమంటాను. ఆరోది మీ సరదా, డబ్బుంటే కొనుక్కోండి, బొటనవేలు మాత్రం నేర్చుకోండి అంటాను. వాళ్లు ఆరుదే కొంటారు. నేనూ అదే చేశాను.

నా వాద్యం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, మొన్న చవితికి కూడా వాయించాను. బీ తీగ ఏటా మారుస్తాను. సీ తీగ మాత్రం చెన్నై నుంచి వచ్చిన మొదటి సెట్టులోదే.