జాప్యాన్ని ఎవరు చెప్పాలి? నిర్మాణ నిర్వహణ పరిశోధనలో ప్రశ్నావళి పద్ధతి - విమర్శ

వ్యాససంగ్రహం: నిర్మాణ పనులు గడువులోపు ఎందుకు పూర్తికావు అనే ప్రశ్నపై వెలువడిన పరిశోధనలో చాలా భాగం అభిప్రాయ సేకరణపై ఆధారపడినదే. ఆ పద్ధతి కొలుస్తున్నది జాప్యాన్ని కాదని, జాప్యం గురించి ఇంజనీర్లు, అధికారులు అనుకొనేదాన్ని మాత్రమేనని, పనిస్థలంలోని రికార్డులూ మేస్త్రీల అనుభవమూ దాని పరిధికి వెలుపలే ఉండిపోతున్నాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిర్మాణ నిర్వహణ, జాప్యం, ప్రశ్నావళి, అవరోధాల రిజిస్టరు, మేస్త్రీ.

నిర్మాణ నిర్వహణకు సంబంధించిన పరిశోధన పత్రికలను తిరగేస్తే ఒకే నమూనా పదేపదే ఎదురవుతుంది. పూర్వ పరిశోధనల నుండి జాప్యకారణాలను ఏరి జాబితా కడతారు. యజమానులకు, కన్సల్టెంట్లకు, కాంట్రాక్టర్లకు ప్రశ్నావళి పంపి, ఒక్కొక్క కారణానికి ఒకటి నుండి ఐదు వరకు అంకె వేయమంటారు. వచ్చిన అంకెలను కూడి, రాగల గరిష్ఠ మొత్తంతో భాగించి ‘సాపేక్ష ప్రాధాన్య సూచిక’ను గణిస్తారు. దాని ప్రకారం ర్యాంకులు ప్రకటిస్తారు. దేశం మారుతుంది గాని ప్రశ్నావళి అంతగా మారదు. ఎం.టెక్. సిద్ధాంత వ్యాసాలకు ఇది ఎంత సులువైన దారిగా మారిందో మన సివిల్ ఇంజనీరింగ్ విభాగాలతో పరిచయమున్నవారికి చెప్పనవసరం లేదు.

ఈ కోవలో తరచుగా ఉదాహరించే పరిశోధన సౌదీ అరేబియాలోని భారీ నిర్మాణాలపై అసఫ్, అల్-హెజ్జీ 2006లో ప్రచురించినది. 23 మంది కాంట్రాక్టర్లు, 19 మంది కన్సల్టెంట్లు, 15 మంది యజమానుల నుండి సమాధానాలు సేకరించి, 73 కారణాలను వారు పరిశీలించారు. సగటు జాప్యం అసలు గడువులో 10 నుండి 30 శాతం వరకు ఉంటుందని కాంట్రాక్టర్లలో 76 శాతం మంది, కన్సల్టెంట్లలో 56 శాతం మంది చెప్పారు. తప్పు కాంట్రాక్టరుదీ కూలీలదీ అని యజమానుల అభిప్రాయం. తీవ్రమైన కారణాలు యజమాని వైపే ఉన్నాయని కాంట్రాక్టర్ల అభిప్రాయం. ముగ్గురూ ఏకీభవించిన కారణం మధ్యలో జరిగే మార్పుల ఉత్తర్వు. పరిశోధకులు ఈ భేదాన్ని దాచలేదు, అది వారి నిజాయితీ. అయితే ఈ భేదమే ఆ పద్ధతిపై పెద్ద ప్రశ్నను లేవనెత్తుతుంది. ఒకే రకమైన పనుల గురించి అడిగినప్పుడు సమాధానం చెప్పేవాని స్థానాన్ని బట్టి కారణం మారుతుంటే, ఆ అంకెలు కొలిచినది పనినా, స్థానాన్నా?

భారతదేశానికి సంబంధించి డొలోయ్, సాహ్నీ, అయ్యర్, రెంటాల 2012లో ప్రచురించిన వ్యాసం ఇంతకన్నా పరిణతి గలది. వారు ర్యాంకులతో ఆగక కారకవిశ్లేషణనూ, ప్రతిగమన విశ్లేషణనూ ఉపయోగించారు. మొదటి విశ్లేషణలో అగ్రస్థానం నిబద్ధతాలోపానికి దక్కింది. పనిస్థల నిర్వహణలో అసమర్థత, సమన్వయలోపం దాని తరువాతివి. రెండవ విశ్లేషణలో మాత్రం యజమాని నిర్ణయాల ఆలస్యం, శ్రామికుల తక్కువ ఉత్పాదకత, మార్పులకు వాస్తుశిల్పుల విముఖత, తప్పుల వలన తిరిగి చేయవలసిన పని ముందుకు వచ్చాయి. ఒకే సమాచారం నుండి రెండు వేర్వేరు జాబితాలు వెలువడటంలో వింత లేదు. కలిసి పెరిగే, కలిసి తగ్గే సమాధానాలను కారకవిశ్లేషణ ఒక గుంపుగా చేరుస్తుంది, ఆ గుంపుకు పేరు పెట్టేది పరిశోధకుడు. ‘నిబద్ధతాలోపం’ అటువంటి పేరే. అది ఎవరి లోపం? ఏ రోజున, ఏ పనిలో కనిపించింది? పనిస్థలంలోని ఇంజనీరు ఈ ఫలితాన్ని చదివి మరునాడు వేరుగా చేయగలిగినది ఏమిటో నాకు అర్థం కాలేదు.

కొలమానం విషయం మరొకటి. ఒకటికీ రెండుకూ మధ్య దూరం, నాలుగుకూ ఐదుకూ మధ్య దూరం సమానమని ఎవరూ నిరూపించలేదు. అవి వరుసను సూచించే అంకెలే. వాటిని కూడి, భాగించి, దశాంశం తరువాత మూడవ స్థానంలోని తేడాతో ఒక కారణాన్ని నాలుగవదిగా, మరొకదాన్ని ఐదవదిగా నిర్ణయించడం గణితం ముసుగు వేసుకొన్న ఊహ.

సమస్య గణితంతో తీరిపోయేదైతే మెరుగైన సూత్రం చాలును. ఒక అంతస్తుల భవనాన్ని ఊహించుకొందాం. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినపుడు, 4.5 మీటర్ల వరకు వెడల్పు గల శ్లాబు కింది ఆధారాలను 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు తీయరాదని ఐ.ఎస్. 456:2000 చెబుతుంది. కాంట్రాక్టరు అద్దె భారానికి వెరచి ఒకే సెట్టు సెంట్రింగ్ సామాను తెచ్చాడు. పై అంతస్తు మొదలుపెట్టాలంటే కింది జాకీలు విడుదల కావాలి. అంతవరకు సెంట్రింగ్ వారూ రాడ్ బెండింగ్ వారూ ఖాళీగా కూర్చున్నారు, కొందరు వేరే పనికి పోయారు. రెండవ సెట్టు తేకపోవడానికి కారణం జరిగిన పనికి బిల్లు రాకపోవడం. ఇప్పుడు ప్రశ్నావళి వచ్చింది. యజమాని తరఫు ఇంజనీరు ‘శ్రామికుల కొరత’కు ఐదు వేస్తాడు. కాంట్రాక్టరు ‘చెల్లింపుల ఆలస్యం’కు ఐదు వేస్తాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. జాకీలు ఏ తేదీన ఖాళీ అయ్యాయో, ఎందరు ఎన్ని రోజులు కూర్చున్నారో తెలిసిన మేస్త్రీకి మాత్రం ప్రశ్నావళి అందలేదు. ఒక గొలుసులోని మూడు లంకెలు జాబితాలో మూడు స్వతంత్ర కారణాలుగా మారి ర్యాంకుల కోసం పోటీపడతాయి.

ఆధారాలు లేవని అనడానికి వీలులేదు. కేంద్ర ప్రజాపనుల శాఖ పనులలో అవరోధాల రిజిస్టరు నిర్వహించాలన్న నియమం ఉన్నది. ఏ అవరోధం ఏ తేదీన మొదలై ఏ తేదీన తొలగిందో అందులో నమోదవుతుంది. కొలతల పుస్తకం, కాంక్రీటు క్యూబుల పరీక్షా రిజిస్టరు కూడా తేదీలతో సాక్ష్యం చెప్పేవే. అవరోధాల రిజిస్టరు గడువు పొడిగింపు కోసం, జరిమానా తప్పించుకోవడం కోసం రాసేది కనుక దాన్నీ అనుమానంతోనే చదవాలి. కాని దానిలోని తేదీని క్యూబు పోసిన తేదీతో పోల్చి చూడవచ్చు. ప్రశ్నావళిలోని నాలుగు అనే అంకెను దేనితో పోల్చాలి?

రికార్డులను ఆశ్రయించినంత మాత్రాన వివాదం ముగియదన్నదీ నిజమే. బెంట్ ఫ్లివ్‌బెర్గ్ తన సహచరులతో కలిసి 2002లో 20 దేశాలకు చెందిన 258 రవాణా ప్రాజెక్టుల లెక్కలు పరిశీలించి, రైలు పనులలో సగటున 45 శాతం, వంతెనలు-సొరంగాలలో 34 శాతం, రోడ్లలో 20 శాతం అదనపు వ్యయం జరిగిందని తేల్చారు. పొరపాటుతో దీన్ని వివరించలేమని, అంచనాలను కావాలనే తగ్గించి చూపారని వాదించారు. పీటర్ లవ్, అహియాగా-డాగ్బూయీ 2018లో దీన్ని ఘాటుగా ఖండించారు. నిర్మాణానికి నిర్ణయం తీసుకొన్ననాటి అంచనాతో పోలిస్తే ఒక ఫలితం, కాంట్రాక్టు కుదిరిననాటి విలువతో పోలిస్తే మరొక ఫలితం వస్తుంది. ఈ తగవు విలువైనదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇరుపక్షాలూ ఒక వాస్తవమైన లెక్కను ముందుంచుకొని వాదిస్తున్నాయి.

మరొక దారి గ్లెన్ బల్లార్డ్ చూపినది. ‘లాస్ట్ ప్లానర్’ అని ఆయన పేరుపెట్టిన పద్ధతిపై 2000లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంత గ్రంథం సమర్పించారు. రేపటి పనిని చివరిగా నిర్ణయించేవాడు, అనగా ఫోర్‌మన్, వారం మొదట్లో మాట ఇస్తాడు. డ్రాయింగు, సామాను, ముందటి పని సిద్ధంగా ఉంటేనే ఆ మాట ఇవ్వాలి. వారాంతంలో ఎన్ని మాటలు నెరవేరాయో శాతంగా లెక్కించి, నెరవేరనివాటికి కారణం అప్పుడే రాస్తారు. ఇక్కడ జ్ఞాపకానికి వయస్సు ఒక వారం. తక్కువ పని ఒప్పుకొని నూరు శాతం చూపించే ప్రమాదం ఇందులో లేకపోలేదు, ఆ లోపాన్ని ఈ పద్ధతి అభిమానులు తేలికగా తీసుకొంటున్నారు.

మన నేలపై ఆ ఫోర్‌మన్ స్థానంలో ఉన్నవాడు గుంపు మేస్త్రీ. దేశంలోని అనేక ఆనకట్టల పనులకు పాలమూరు కూలీలను అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయినవాడు అతడే. ఎవరికి ఏ పని వచ్చునో, ఏ వారం ఎందుకు చేతులు ఖాళీగా ఉన్నాయో అతనికి తెలుసు. అతడు నిష్పక్షపాత సాక్షి కాడు, కూలీకీ కాంట్రాక్టరుకూ మధ్య అతని లాభం అతనికి ఉంటుంది. అయినా ‘శ్రామికుల ఉత్పాదకత’ను ఒక కారణంగా ముద్రించే ప్రశ్నావళి అతని గుంపులో ఒక్కరినైనా అడగకుండా, అది కూడా వారు చదవలేని ఇంగ్లీషులో, ఇంజనీర్ల ఈమెయిళ్ల మధ్యనే తిరుగుతున్నది. పరిశోధక విద్యార్థి ఒక్క పనిస్థలాన్ని ఎంచుకొని, నాలుగు నెలలు ప్రతి శనివారం మేస్త్రీ పక్కన కూర్చొని, ఆగిన ప్రతి పనికీ తేదీతో కారణం రాసుకొంటే నమూనా పరిమాణం ఒకటే అవుతుంది. అందువలన ఆ వ్యాసాన్ని తిరస్కరించే సమీక్షకులు ఉంటారు. వారితో వాదించవలసి ఉన్నది.