బాతుల కాపరి

సార్వా కోతలయ్యాక ఐ.పోలవరం చేలల్లోకి బాతుల మంద దిగితే నేను గట్టు మీద ఆగిపోతాను. పొడవాటి కర్ర ఒక్కటే ఆసరాగా కాపరి వందల బాతుల్ని మడి దాటకుండా మేపుతాడు. గింజ ఎక్కడ రాలిందో, నత్తలు ఏ బోదెలో ఉన్నాయో, పురుగుమందు కొట్టిన చేను ఏదో అతనికి తెలిసుండాలి. రాత్రికి వల కట్టిన దడిలోకి తోలుతాడు. బాతులు తెల్లవారుజామున గుడ్లు పెడతాయి కాబట్టి, ఏరేదాకా వదలడు.

ఈ తిరుగుడు మేత మీద శాస్త్రవేత్తల చూపూ పడింది. 2004లో థాయ్‌లాండ్‌ను కుదిపిన బర్డ్ ఫ్లూను పరిశీలించినవారు, వరిచేలల్లో మేసే బాతులకూ ఆ వ్యాధికీ ఉన్న సంబంధాన్ని చూపించారు. బాతు పైకి ఏ జబ్బూ కనిపించకుండానే వైరస్‌ను మోయగలదు.

చలికాలంలో దగ్గర్లోని కోరింగ మడ అడవులకు సూదితోక బాతులు ఉత్తరాది దేశాల నుంచి వలస వస్తాయి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987లో మొదలైంది. అడవి బాతులూ పెంపుడు బాతులూ ఏ నీళ్లలో కలుస్తాయో రోజూ చూసేది మాత్రం కాపరే. పరిశోధకులు ముందు అతని దగ్గర కూర్చోవాలి. మందలో ఒక్క బాతు మేత మానినా అతను ఆ పూటే పసిగడతాడు.