పాత అంబాసిడర్‌కి కొత్త సింగారం

పుస్తకాల్నీ, సినిమాల్నీ, పెళ్ళిళ్ళలో వంటల్నీ విమర్శించిన అనుభవం నాకు బోలెడంత ఉంది. కారుని విమర్శించడం మాత్రం ఇదే మొదలు. "ఇంజను గురించి నీకేం తెలుసు?" అని మావారు అప్పుడే అడిగేశారు. నిజమే, తెలియదు. కాని ఆ కారు వెనక సీట్లో ఇరవై ఏళ్ళు కూచున్నాను. పిల్లలు వాంతులు చేసుకుంటే కడిగాను. విమర్శకురాలికి ఆ మాత్రం అర్హత చాలదూ?

మాది బాల్కొండ. 1978లో మా మామయ్య తెల్ల అంబాసిడర్ కొన్నారు. మార్క్-3 అంటారు దాన్ని. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పోలికతో కలకత్తా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైన కారు అది. మా అబ్బాయి అక్షరాభ్యాసానికి బాసర వెళ్ళింది అందులోనే. పోచంపాడు డ్యాము గేట్లెత్తారంటే చూడ్డానికి పరిగెత్తిందీ అందులోనే. అత్తమ్మ చెల్లెలు బోధన్ శక్కర్‌నగర్‌లో ఉండేది. చెరుకు కాలంలో అటు వెళ్తే బండ్ల వెనక మెల్లగా నడుస్తూ, ఊరు రాకముందే బెల్లప్పాకం వాసన పీల్చేవాళ్ళం. ఆ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. వాసనా పోయింది.

ఆ కారులో ముందు సీటు బెంచీలా ఒకటే పొడుగు సీటు. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది కనక మధ్యలో కాళ్ళకి అడ్డం లేదు. ఈ చివర మామయ్య, ఆ చివర అత్తమ్మ, మధ్యలో ఎవరో ఒక పిల్లాడు. పిల్లాడు లేనప్పుడు తమలపాకుల డబ్బా. నలుగురిలో ఒకరి పక్కన ఒకరు కూచోవడానికి సిగ్గుపడే ఆ తరంలో, మా అత్తమ్మ మామయ్య పక్కన హాయిగా కూచున్న చోటు అదొక్కటే.

మామయ్య పోయాక కారు వేపచెట్టు కింద ఆగిపోయింది. కోళ్ళు గుడ్లు పెట్టేవి. నిరుడు మా మరిది దుబాయి నుంచి వచ్చేసి, "బాపు కారును మల్ల రోడ్డు మీదికి తెస్త వదినా, సూడు" అన్నాడు. ఫోన్లో అమెరికా వాళ్ళ బొమ్మలు చూపించాడు. 1960ల నాటి మస్టాంగులూ అవీ బాగుచేసి, పైకి పాత ఒళ్ళు ఉంచి లోపల కొత్త ఇంజనూ, కొత్త బ్రేకులూ పెడతారట. దానికి రెస్టోమాడ్ అని పేరు. మనింట్లో ముసలమ్మకి పళ్ళు కట్టించి కళ్ళజోడు పెట్టినట్టన్నమాట.

ఎనిమిది నెలల తర్వాత కారు గుమ్మం ముందు ఆగింది. ముందుగా గుణాలు చెప్పాలి, అది విమర్శ మర్యాద. ఒళ్ళంతా తుప్పు గీకి, పాత తెలుపే వేయించాడు. ఎరుపో నలుపో వెయ్యలేదు, బతికించాడు. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు పెట్టించాడు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ దిగుతుంటే మామయ్య బ్రేకుని పదిసార్లు తొక్కడం, అత్తమ్మ దేవుళ్ళందర్నీ పిలవడం చూసినదాన్ని నేను. ఆ బ్రేకుల్ని 'పాతదనం' పేరుతో దాచుకోవాలని ఎవరంటారు? సీటు బెల్టులు కొత్తవి. మంచిదే. పవర్ స్టీరింగు, ఏసీ ఉన్నాయి. మే నెలలో నిజామాబాద్ ఎండ ఎరిగినవాళ్ళెవరూ ఏసీని తప్పు పట్టరు. ఇంజను కూడా తర్వాతి కాలపు అంబాసిడర్లలో వచ్చిన ఇసుజు ఇంజనట. ఒక ఇంటి పిల్లే. దానికి రవాణా శాఖ అనుమతి కూడా రాయించాడు.

ఇక దోషాలు. డ్యాష్‌బోర్డు మధ్య పలకంత టీవీ వెలుగుతోంది. పట్టుచీర మీద చేతిగడియారం అనుకుని సరిపెట్టుకున్నాను. తలుపు తీసి చూద్దును కదా, బెంచీ సీటు లేదు! రెండు విడి కుర్చీలు. మధ్యలో నేల కోసి, పైకి లేచిన గేరు కర్ర.

ఇక్కడ నాకు మాయాబజార్ జ్ఞాపకం వచ్చింది. 1957 నాటి ఆ సినిమాకి 2010లో రంగులద్ది, ధ్వని కొత్తగా చేసి విడుదల చేశారు. మా ఇంట్లో పెద్ద తగువు. రంగుల్లో బాగుందని పిల్లలూ, నలుపు తెలుపే అందమని మేమూ. కాని ఆ తగువు తియ్యటిది. ఎందుకంటే రంగులు వేసినా పాత మాయాబజార్ ఎక్కడికీ పోలేదు, కావాలంటే ఈ రాత్రే చూసుకోవచ్చు. కారు అలా కాదు. ఉన్నది ఒక్కటే ఒళ్ళు. మారిస్తే పాతది పోయినట్టే. పట్టుచీర కోసి మనవరాలికి పరికిణీ కుట్టించినట్టు. పరికిణీ బాగానే ఉంటుంది, చీర మటుకు మళ్ళీ రాదు.

అలాగని ముట్టుకోకూడదనీ కాదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది, ఆరో నిజాం తయారు చేయించమన్నది. మెరిసిపోతూ ఉంటుంది. దాన్ని చూడాల్సిందే, ఎక్కేవాళ్ళు లేరు. మన ఇళ్ళలో వస్తువులకి ఆ భోగం పట్టదు. ఇత్తడి గిన్నెకి కళాయి వేయించేది అద్దాల బీరువాలో పెట్టడానికి కాదు, మళ్ళీ చారు కాచుకోవడానికి. ప్రభుత్వం 2021లో పెట్టిన నిబంధన ఒకటుంది: యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం పెద్దగా మారని బండికే 'వింటేజ్' గౌరవం. మా కారుకి 2028లో యాభై నిండుతాయి. ఈ మార్పులతో ఆ గౌరవం దక్కడం కష్టమే. పోనీ, గౌరవం లేకపోయినా మనుషులు ఎక్కితే చాలు.

అయితే ఏది మార్చాలి, ఏది ఉంచాలి? నాకు తోచిన కొలత ఇది. ప్రాణం కాపాడేది మార్చు. విప్పి మళ్ళీ పెట్టగలిగేది నీ ఇష్టం. కోసి పారేసేది ఉంటే మాత్రం, కోసేముందు ఇంట్లో అడుగు. ఏసీ రేపు విప్పొచ్చు. కోసిన నేల అతుకుతుందా?

మరిది అడిగాడు, అడగలేదని కాదు. అన్నని అడిగాడు, స్నేహితుల్ని అడిగాడు, మెకానిక్కుని రోజూ అడిగాడు. అత్తమ్మని అడగలేదు. "బాపు కారు, బాపు కారు" అన్నారే గాని, అందులో సగం సీటు అమ్మదని అన్నదమ్ములిద్దరికీ తట్టలేదు. నాకైనా తట్టిందా? లేదు. నన్నడిగితే నేను ఏసీ గురించే చెప్పాను.

అత్తమ్మ మెల్లగా వచ్చి కారు చుట్టూ తిరిగింది. రంగు నిమిరింది. "మంచిగ జేసిండు బిడ్డ" అంది. ఎడమ కుర్చీలో కూచోబెట్టాం, బెల్టు పెట్టాం. ఆమె చెయ్యి పక్కకి వెళ్ళింది, అలవాటుగా, సీటు తడమడానికి. గేరు కర్ర తగిలింది.

"నడుమ జాగ లేదేందిరా?" అంది.

మరిది ముఖం చూడలేకపోయాను. వాడు చేసిందంతా ప్రేమతోనే, సొంత కష్టార్జితంతోనే. ఆ సాయంత్రమే షెడ్డుకి పోయి వెతికితే, పాత బెంచీ సీటు మీద కూచుని పనివాళ్ళు చాయి తాగుతున్నారట. తెచ్చాడు. కొత్త గుడ్డ కుట్టించబోతుంటే ఈసారి ముందు అడిగాడు. "చింపులకు అతుకెయ్, చాలు" అంది అత్తమ్మ. ఇప్పుడది వసారాలో ఉంది. పొద్దున్నే ఎడమ చివర కూచుని తమలపాకులు తుడుచుకుంటుంది. కారులో గుడికి కూడా వెళ్తోంది, ఏసీ బాగుందంటోంది.

విమర్శకురాలిగా మా మరిదికి నూటికి డెబ్బై మార్కులు వేశాను. "కడమ ముప్పయ్యి ఏమాయె వదినా?" అని రోజూ పోరు. అవి నా చేతిలో లేవు నాయనా, వసారాలో కూచున్నాయి, వెళ్ళి అడుగు అన్నాను.

మీ ఇంట్లోనూ అటక మీంచి పాతదేదో దింపి బాగుచేయిస్తున్నారా? చేయించండి. పని మొదలుపెట్టకముందే, దాన్ని రోజూ వాడిన మనిషి ఇంకా ఇంట్లో ఉందేమో చూసి, ఒక్క మాట అడగండి.